తరగతి గదిలోని వెలుతురుకే పాపకు మైగ్రేన్ వస్తోంది, బడివారికి ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా పాపకు పదేళ్లు. డిజిటల్ బోర్డు మీద ఎండ పడి మెరిసిన రోజున, మధ్యాహ్నానికల్లా నుదురు పట్టుకుని, వాంతి చేసుకుని, చీకటి గదిలో పడుకుంటే తప్ప తేరుకోవడం లేదు. వైద్యురాలు మైగ్రేన్ అని నిర్ధారించినా, బడిలో మాత్రం సాకుగానే చూస్తున్నారు.

జవాబు: మా అబ్బాయి విషయంలో నోటిమాటతో పని జరగలేదండీ. నొప్పి మొదలయ్యే గుర్తులు, బరువును బట్టి ఇవ్వవలసిన మందు మోతాదు, అరగంట చీకట్లో పడుకోనివ్వాలన్న సూచన ఉన్న లేఖను వైద్యుడి చేత రాయించి క్లాస్ టీచరుకు ఇచ్చాం. మందు నొప్పి ముదరకముందే పడితేనే బాగా పనిచేస్తుంది కనుక, బడి ముగిసేదాకా ఆగమనడం పిల్లలకు అన్యాయం.

జవాబు: నేను ఉపాధ్యాయురాలిని. ముందుగా పాపను కిటికీకి వీపు ఉండేలా కూర్చోబెట్టమని, మినుకుమినుకుమనే ట్యూబులైటును మార్పించమని అడగండి. మా తరగతిలో ఒక కర్టెన్ వేశాక ఒక బాబు మధ్యాహ్నం కూడా నోట్సు రాయగలుగుతున్నాడు. ఎండలో ప్రార్థన సమావేశం జరిగితే అంచు టోపీ పెట్టుకోనివ్వాలి.

జవాబు: గదిలో నల్ల కళ్లద్దాలు అలవాటు చేయకండి, కళ్లు చీకటికి అలవాటుపడి వెలుతురును మరింత ఓర్వలేవు. ఎఫ్‌ఎల్-41 అనే గులాబీ ఛాయ అద్దాలు కొందరికి ఉపకరిస్తాయి, వైద్యురాలిని అడగండి. నొప్పి మాత్ర వారానికి రెండు మూడు రోజులకు మించి అవసరమవుతుంటే, ఆ మాత్రలే తలనొప్పిని పెంచవచ్చు కాబట్టి వెంటనే చూపించండి.

ప్రశ్న వేసినవారు: సోమవారం లేఖతో వెళ్తున్నాను. కర్టెన్ ఖర్చు మేమే పెట్టుకుంటామని కూడా చెబుతాను.