క్లయింట్ల ప్యాన్, ఆధార్ అన్నీ ఆఫీసు జీమెయిల్‌లోనే: ప్రోటాన్‌కి మారితే నిజంగా ఉపయోగం ఉంటుందా?

లెక్కలపద్దు
హన్మకొండలో ఒక ట్యాక్స్ కన్సల్టెన్సీలో పని. జులై వచ్చిందంటే భూపాలపల్లి సింగరేణి వాళ్ల ఫారం 16లు, ఎనుమాముల మార్కెట్ అడ్తిదారుల బ్యాంక్ స్టేట్‌మెంట్లు, టీచర్ల ఆధార్, ప్యాన్ అన్నీ వచ్చి ఆఫీసు జీమెయిల్‌లోనే పడతాయి. ఆ మెయిల్ పాస్‌వర్డ్ ఆఫీసులో అందరికీ తెలుసు, పోయినేడు మానేసి హైదరాబాద్ పోయిన అబ్బాయితో సహా. ఎన్‌క్రిప్షన్ (వేరేవాళ్లు చదవకుండా వేసే తాళం) ఉండే మెయిల్‌కి, ప్రోటాన్ గానీ ట్యూటా గానీ, మారుదామని మా సార్‌తో అంటే "గూగుల్ కంటే గట్టిదా అది?" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. వాడినవాళ్లు చెప్పండి, మారితే ఏం మారుతుంది, ఏం మారదు? వాళ్ల వెబ్‌సైట్లో రాసింది వద్దు, అది చదివేశా.

రూట్‌యూజర్
అన్నా, ముందు ఆ పాస్‌వర్డ్ మార్చండి, మిగతా ముచ్చట తర్వాత. గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీలో ఏయే ఫోన్లలో, కంప్యూటర్లలో లాగిన్ అయి ఉందో లిస్టు కనిపిస్తుంది. తెలియనిది ఏదున్నా సైన్ అవుట్ కొట్టి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టేయండి. రేపు ప్రోటాన్‌కి మారి దాని పాస్‌వర్డ్ కూడా పదిమందికీ చెప్తే ఆ ఎన్‌క్రిప్షన్ ఎవరి నుంచి కాపాడినట్టు?

ఇక అసలు సంగతి. జీమెయిల్ దారిలో పోయేటప్పుడూ ఎన్‌క్రిప్ట్ అవుతుంది, సర్వర్‌లో కూడా తాళం వేసే ఉంటుంది, కాకపోతే తాళంచెవి గూగుల్ దగ్గర ఉంటుంది. ప్రోటాన్, ట్యూటాల్లో ఆ తాళంచెవి మీ పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది కాబట్టి సర్వర్‌లో ఉన్న పాత మెయిళ్లను కంపెనీ వాళ్లే చదవాలన్నా కుదరదు. అందరూ బోల్తా పడేది ఎక్కడంటే, ప్రోటాన్ నుంచి క్లయింట్ జీమెయిల్‌కి ఊరికే పంపేస్తే అవతల అది మామూలు మెయిలే. రెండు వైపులా ప్రోటాన్ ఉంటేనే దానంతట అది ఎండ్ టు ఎండ్ అవుతుంది, అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు. బయటివాళ్లకి పంపాలంటే మెసేజ్‌కి పాస్‌వర్డ్ పెట్టి పంపాలి, వాళ్లు లింక్ నొక్కి ఆ పాస్‌వర్డ్ కొట్టి చదువుకోవాలి.

కాజీపేట_జంక్షన్
పైదానికి ఒకటి కలుపుతా. ప్రోటాన్‌లో సబ్జెక్ట్ లైన్‌కి ఎండ్ టు ఎండ్ లేదు, ట్యూటాలో ఉంది. సబ్జెక్ట్‌లోనే క్లయింట్ పేరు, ప్యాన్ నంబర్ రాసే అలవాటు మా దగ్గర చాలా ఆఫీసుల్లో చూశా. లోపలి ఉత్తరానికి ఎంత కాపలా పెట్టి ఏం లాభం.

ట్యూటాకి ఇబ్బందులు వేరే. థండర్‌బర్డ్‌లాంటి బయటి మెయిల్ యాప్‌లలో తెరుచుకోదు, వాళ్ల యాప్‌లోనే చూడాలి. ఫ్రీ అకౌంట్ 6 నెలలు ముట్టుకోకపోతే తీసేస్తారు. మీ పని సీజన్ పని కదా, అది చూసుకోండి.

మిర్చియార్డు
ఇదంతా అవసరమా భయ్యా? నా మెయిల్‌లో ఏముంటది, కరెంటు బిల్లు, రైలు టికెట్లు, ఎప్పుడో అప్లై చేసిన ఉద్యోగాలు. గూగుల్ కూడా 2017లోనే చెప్పింది కదా, ప్రకటనల కోసం జీమెయిల్ చదవడం ఆపేస్తున్నామని. దాచుకునేది ఏమీ లేనోడికి ఈ టెన్షన్ ఎందుకు.

బొగ్గుబావి
మీ మెయిల్ సంగతి మీ ఇష్టం. ఆయన దగ్గరున్నవి వేరేవాళ్ల కాగితాలు, తేడా అక్కడుంది.

మా గోదావరిఖనిలో మా బాబాయి కొడుకు ఒక లోన్ యాప్‌లో చిన్న మొత్తం తీసుకున్నాడు. పేరు ఎందుకులే, అట్లాంటివి బోలెడు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాంటాక్ట్స్ పర్మిషన్ అడిగితే ఓకే కొట్టాడు. ఒక్క వాయిదా ఆలస్యమయ్యేసరికి వాడికి కాదు, మా మేనత్తకి, వాడి పిల్లల స్కూల్ హెడ్మాస్టర్‌కి, ఎప్పుడో బోర్ వేసిన మేస్త్రీకి ఫోన్లు. వాళ్లెవరూ అప్పు తీసుకోలేదు, ఏ యాప్‌కీ ఓకే చెప్పలేదు. వాడి దగ్గర దాచుకునేది ఏమీ లేకపోవచ్చు, మా అత్త నంబర్ మాత్రం వాడిది కాదు కదా. 2022లో రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ లోన్ యాప్‌లు కాంటాక్ట్ లిస్ట్, కాల్ లాగ్ ముట్టుకోకూడదని రూల్ పెట్టింది, కానీ రూల్ లెక్కచేయని యాప్‌కి పర్మిషన్ ఇచ్చేది మన వేలే. సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్ తెరిచి కాంటాక్ట్స్ దగ్గర ఏయే యాప్‌లున్నాయో ఒకసారి చూడండి, టార్చ్ యాప్ కూడా కనపడొచ్చు.

హాస్టల్‌రూమ్
మెయిల్ గురించి ఇంత మాట్లాడుతున్నారు, జిరాక్స్ షాపు సంగతి ఎవరూ ఎత్తరేం?

కాకతీయ యూనివర్సిటీ దగ్గర ఏ షాపుకి పోయినా ఒకటే తీరు. గోడకి ఒక నంబర్ అంటించి ఉంటుంది, "దీనికి వాట్సాప్ చెయ్ చెల్లె" అంటారు. పంపిన పీడీఎఫ్ కౌంటర్ మీది కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడుతుంది. నాది వెతకడానికి ఆయన కిందికి స్క్రోల్ చేస్తుంటే ఆధార్‌లు, టెన్త్ మెమోలు, ఎవరిదో స్కానింగ్ రిపోర్టు, ఎవరివో పెళ్లి ఫొటోలు, అన్నీ లైన్లో నిలబడ్డ అందరికీ కనిపిస్తూ పోతుంటాయి. డిలీట్ చేయమంటే చేస్తారు పాపం, కానీ చాట్‌లో అట్లనే ఉంటుంది, రీసైకిల్ బిన్‌లోనూ ఉంటుంది. కొందరైతే సొంత వాట్సాప్‌నే షాపు కంప్యూటర్‌లో లింక్ చేసి ప్రింట్ తీసుకుని, లాగౌట్ చేయకుండా బస్సెక్కుతారు. లింక్డ్ డివైజెస్ అని ఒకటుంటుంది, ఇది చదివేవాళ్లు ఇప్పుడే ఒకసారి చూసుకోండి.

నేను చేసేది చెప్తా. ఆధార్ సైట్‌లో మాస్క్‌డ్ ఆధార్ దించుకోవచ్చు, చివరి నాలుగు అంకెలే కనపడతాయి, పూర్తి నంబర్ అడగనిచోట అదే ఇస్తా. మిగతావి పెన్ డ్రైవ్‌లో. పెన్ డ్రైవ్‌కి వైరస్ అంటుకుంటుందని మా రూమ్మేట్ గోల, అందుకని దాంట్లో ప్రింట్ తీయాల్సిన ఒక్క ఫైలే పెడతా.

రూట్‌యూజర్
హాస్టల్‌రూమ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకోటి, ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. అదేంటి? పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. దేశం మొత్తానికి ఒకటే పద్ధతి, ఫైల్ పేరులోనే మీ పేరుంటే సగం పాస్‌వర్డ్ బయట పెట్టినట్టే. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల ఏఐఎస్ (ఏడాది ఆదాయం, లావాదేవీల చిట్టా) పీడీఎఫ్ కూడా అంతే, చిన్న అక్షరాల్లో ప్యాన్, పక్కన పుట్టినతేదీ. మీ ఆఫీసులో ఆ రెండూ పక్క అటాచ్‌మెంట్‌లోనే ఉంటాయి.

లెక్కలపద్దు
అన్న కాదండీ, అక్కని :)

ఏఐఎస్ మాట వంద శాతం కరెక్ట్, రోజూ తెరిచేది నేనే కానీ ఇట్లా ఎప్పుడూ ఆలోచించలేదు. మరి పీజీపీ (మెయిల్‌ని మనమే ఎన్‌క్రిప్ట్ చేసుకునే సాఫ్ట్‌వేర్) అంటారే, అది పెట్టుకుంటే జీమెయిల్ వదలాల్సిన పనే లేదట కదా?

వేయిస్తంభాలు
పీజీపీ ముచ్చట వచ్చింది కాబట్టి ముసలోణ్ని నేనొచ్చా. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ రాసి ఇంటర్నెట్‌లో వదిలాడు, అమెరికా ప్రభుత్వం ఆయుధాల ఎగుమతి చట్టం కింద ఏళ్ల తరబడి విచారణ చేసి చివరికి కేసు లేకుండానే వదిలేసింది. మంచి సరుకు. 2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి థండర్‌బర్డ్‌లో విడిగా ఏదీ తగిలించకుండానే ఉంది, జీమెయిల్‌తో నడుస్తుంది. మా కాలేజీ మిత్రులం నలుగురం ఇప్పటికీ దాంట్లోనే రాసుకుంటాం, ఎక్కువగా మోకాళ్ల నొప్పుల గురించి.

కానీ అమ్మా, అవతలి మనిషి కూడా కీ తయారుచేసుకుని దాచుకుంటేనే పని జరిగేది. మిర్చి బస్తాల కాంటా దగ్గర నిలబడ్డ అడ్తిదారుని పబ్లిక్ కీ పంపమని అడిగి చూడు, ఏ తాళంచెవి అంటాడు. పాస్‌వర్డ్ పెట్టిన మెసేజే నీకు దారి.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. 2021లో స్విస్ అధికారుల ఆదేశం మీద ప్రోటాన్ (అది స్విస్ కంపెనీయే) ఒక ఫ్రెంచి ఉద్యమకారుడి ఐపీ అడ్రస్, అంటే ఏ నెట్ కనెక్షన్ నుంచి వచ్చాడో చెప్పే నంబర్, నమోదు చేసి ఇచ్చింది. ఉత్తరంలో ఏముందో ఇవ్వలేదు, ఇవ్వలేరు కూడా. ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి లాగిన్ అయ్యారన్నది మాత్రం కోర్టు కాగితం వస్తే ఏ కంపెనీ అయినా ఇవ్వాల్సిందే. నీ పనికి దీంతో సంబంధం లేదు, కానీ ప్రోటాన్ అంటే కనపడకుండా పోయే మంత్రం అనుకునేవాళ్లు ఇక్కడ ఒకరిద్దరు ఉన్నారు.

కాజీపేట_జంక్షన్
ఒకరిద్దరు అంటే నేనే కదా సార్ 😄

సరే, ఇండియా సంగతి కూడా చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఒక వేధింపు మెయిళ్ల కేసులో ప్రోటాన్ మెయిల్‌ని బ్లాక్ చేసే చర్యలు మొదలుపెట్టమని కేంద్రానికి చెప్పింది. అంతకు ముందు ఏడాది బాంబు బెదిరింపుల మెయిళ్లప్పుడూ బ్లాక్ మాట వచ్చింది. అందుకే బ్యాంకు, ఆధార్, ట్యాక్స్ పోర్టల్ అన్నిటికీ ఆ ఒక్క ఐడీనే ఇచ్చి కూర్చోవద్దు. ఆఫీసుకి సొంత డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత మన ఆఫీసు పేరే వచ్చేది) కొనుక్కుంటే మంచిది. రేపు ప్రోటాన్ వద్దనుకుంటే అదే అడ్రస్‌తో ఇంకో కంపెనీకి పోవచ్చు, విజిటింగ్ కార్డులు కూడా మార్చక్కర్లేదు. డొమైన్ పెట్టుకోవాలంటే డబ్బు కట్టే ప్లాన్ తీసుకోవాలి మరి, ఫ్రీ దాంట్లో 1 జీబీ, రోజుకి 150 మెయిళ్లు, అంతే.

బొగ్గుబావి
రికవరీ సంగతి మరవకండి. ప్రోటాన్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఫోన్ ద్వారా రీసెట్ చేసుకుని లోపలికి పోవచ్చు గానీ పాత మెయిళ్లు తెరుచుకోవు, తాళంచెవి పాత పాస్‌వర్డ్‌తో పోయింది కదా. అవి కావాలంటే ముందే 12 పదాల రికవరీ ఫ్రేజ్ తీసి పెట్టుకోవాలి. కాగితం మీద రాసి బీరువాలో పట్టా పాస్‌బుక్కుల దగ్గర పెట్టండి, ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ ఫొటోస్‌లోకి పంపకండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే అయిపోతుందనుకునేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు.

వాట్సాప్‌ది కూడా ఇట్లాంటిదే. చాట్ 2016 నుంచి ఎండ్ టు ఎండ్, కానీ బ్యాకప్‌కి ఆ రక్షణ మనం విడిగా ఆన్ చేయాలి. చాట్ బ్యాకప్ సెట్టింగ్‌లోనే ఉంటుంది, 2021లో ఇచ్చారు, నాకు తెలిసినవాళ్లలో ఆన్ చేసుకున్నవాళ్లు అరుదు.

మిర్చియార్డు
పర్మిషన్ మేనేజర్ తెరిచా. ఒక క్యాలెండర్ యాప్, ఒక ఫొటో ఎడిటర్, ఎప్పుడో వేసిన రమ్మీ ఆట, మూడింటికీ కాంటాక్ట్స్ ఉన్నాయి. తీసేశా. మెయిల్ మాత్రం మార్చను.

కీబోర్డ్ గురించి ఎవరికైనా తెలుసా? తెలుగులో కొడుతుంటే అది ముందే నా మాట పసిగట్టేస్తుంది, మా ఊరి పేరుతో సహా.

హాస్టల్‌రూమ్
ఎఫ్‌డ్రాయిడ్ అనే యాప్ స్టోర్‌లో హెలీబోర్డ్ చూడండి, దానికి ఇంటర్నెట్ పర్మిషనే ఉండదు, కాబట్టి మీరు కొట్టింది బయటికి పంపే దారే లేదు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు రావాలంటే స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వాళ్ల ఇండిక్ కీబోర్డ్ ఉంది. నిజం చెప్పాలంటే రెండూ గూగుల్ జీబోర్డ్ అంత హాయిగా ఉండవు, మాట్లాడితే టైప్ అయ్యేది ఆశించకండి. బ్రౌజర్‌కి ఫైర్‌ఫాక్స్, దాంట్లో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్, ఫోన్‌లో కూడా నడుస్తుంది. ఇది మాత్రం మా అమ్మ ఫోన్‌లో కూడా వేశా, వంటల సైట్లు తెరిస్తే నిమిషానికో ప్రకటన మీద వేలు పడేది.

లెక్కలపద్దు
ఇన్ని రోజులకి వచ్చి చెప్తున్నా. సార్ ఒప్పుకున్నారు, గూగుల్ గురించి చెప్తే కాదు, డేటా చట్టం గురించి చెప్తే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబర్‌లో రూల్స్ వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలయ్యేందుకు 18 నెలల గడువిచ్చారు, క్లయింట్ల వివరాలు పెట్టుకునే మనలాంటి ఆఫీసులు కూడా దాని కిందికే వస్తాయి. జరిమానా 250 కోట్ల దాకా అని చదివి వినిపిస్తే సగం చాయ్ అట్లనే వదిలేశారు. అంత మనకి ఎవరూ వేయరులెండి అని నేను చెప్పలేదు.

డబ్బు కట్టి ప్రోటాన్ తీసుకున్నాం, ఎవరి లాగిన్ వాళ్లకి. పని నడుస్తోంది. ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, పాస్‌వర్డ్ పెట్టి పంపిన మెయిల్ క్లయింట్‌కి ఎట్లా కనిపిస్తుందో నేను ముందు ఊహించలేదు. "మీకు సురక్షిత సందేశం వచ్చింది, ఈ లింక్ నొక్కండి, పాస్‌వర్డ్ ఇవ్వండి." భూపాలపల్లి సార్ ఒకాయన వెంటనే ఫోన్ చేసి, "మేడం మీ మెయిల్ హ్యాక్ అయింది, ఎవడో లింక్ పంపిండు, 1930కి చేస్తున్న" అన్నారు. ఆయన తప్పేముంది, తెలియని లింకులు నొక్కొద్దని ఫోన్ కాలర్ ట్యూన్‌లో కూడా చెవి ఊదరగొట్టారు కదా. మేం పంపే అసలు మెయిల్, దొంగ మెయిల్ చూడ్డానికి కవలపిల్లల్లా ఉన్నాయి.

ఇప్పుడు చేసేది ఏమిటంటే, ముందు ఫోన్ చేసి "ఇంకో పది నిమిషాల్లో మెయిల్ వస్తుంది, లింక్ ఉంటుంది" అని చెప్పి, పాస్‌వర్డ్ కూడా ఆ కాల్‌లోనే చెప్తున్నా. వాట్సాప్‌లో, మెయిల్‌లో రాయట్లేదు. వారం తర్వాత మెసేజ్ దానంతట అదే పోయేలా గడువు పెడుతున్నా. లింక్ అస్సలు నొక్కను అనేవాళ్లకి లిబ్రే ఆఫీస్‌లో పీడీఎఫ్‌కి వేరే పాస్‌వర్డ్, ప్యాన్‌తో సంబంధం లేనిది, పెట్టి మామూలుగానే పంపుతున్నా. ఇక కొందరు అన్నీ పక్కనపెట్టి నేరుగా ఆఫీసుకొచ్చి కాగితాలు టేబుల్ మీద పెట్టి పోతున్నారు, అదీ మంచిదే.

రూట్‌యూజర్
ఫోన్ చేసి చెప్పడం బాగుంది అక్కా. వాళ్లు తిరిగి పంపేటప్పుడో? ఆ లింక్ పేజీలోనే రిప్లై బటన్ ఉంటుంది, అక్కడి నుంచి అటాచ్ చేస్తే అదీ ఎన్‌క్రిప్ట్ అయ్యే వస్తుంది. మళ్లీ జీమెయిల్ తెరిచి ఫారం 16 పంపారంటే మీ కష్టం ఒకవైపే.

లెక్కలపద్దు
రిప్లై బటన్ గురించి రేపటి నుంచి ఫోన్‌లోనే చెప్తా. ఇంకో డౌట్, పాస్‌వర్డ్ కింద హింట్ రాసే పెట్టె ఉంది కదా, దాంట్లో ఏం రాయాలి? మా జూనియర్ "మీ పాస్‌వర్డ్ ఫలానా" అని నేరుగా అదే రాసి పంపాడు.

వేయిస్తంభాలు
ఖాళీగా వదిలేయమ్మా. ఆ జూనియర్‌ని ఒకసారి ఇక్కడికి పంపు.