టోర్నడో వాచ్‌కీ వార్నింగ్‌కీ తేడా ఏంటి?

కొత్తగా_ఫ్రిస్కో: ఇండియా నుంచి అమెరికాలో టెక్సస్‌లోని ఫ్రిస్కోకి వచ్చి నెలే అయింది, మూడో ఫ్లోర్ అపార్ట్‌మెంట్. నిన్న టోర్నడో వాచ్ అనగానే మా ఆవిడ పాపనెత్తుకుని బాత్‌టబ్‌లో కూర్చుంది గంటన్నర, చూస్తే నాలుగు చినుకులు పడి ఊరుకుంది. అసలు ఎప్పుడు భయపడాలి అన్నా?

ప్లేనో_పాతకాపు: వాచ్ అంటే వచ్చే ఛాన్స్ ఉంది, ఫోన్ ఛార్జ్ చేసుకో, అంతే. వార్నింగ్ అంటే రాడార్‌లో సుడి కనిపించింది లేదా ఎవరో కళ్ళారా చూశారు, ఇంక ఆలోచించకూడదు. 2019 అక్టోబర్ 20 ఆదివారం రాత్రి నార్త్ డాలస్‌లో ఈఎఫ్-3 టోర్నడో (తీవ్రత 0 నుంచి 5 దాకా కొలుస్తారు) వచ్చింది, చీకట్లో ఏం కనబడి చస్తుంది, అందుకే పడుకునేటప్పుడు ఫోన్ సైలెంట్‌లో పెట్టి అలర్ట్స్ ఆపేయకు. సైరన్ బయట ఉన్నవాళ్ళ కోసం, ఏసీ మోతలో లోపలికి వినబడదు.

వడగళ్ళ_బాధితుడు: తండర్‌స్టార్మ్ వార్నింగ్‌నీ తేలిగ్గా తీసుకోకండి, గంటకి 58 మైళ్ళ గాలి లేదా అంగుళం వడగళ్ళుంటేనే ఇస్తారు. నా కారు బానెట్ ఇప్పుడు ఇడ్లీ రేకులా ఉంది 😭

ప్లేనో_పాతకాపు: మూడో ఫ్లోర్‌లో ఉండొద్దు తమ్ముడూ, కింద ఫ్లోర్‌లో కిటికీల్లేని క్లోజెట్ చూసుకో, కాళ్ళకి షూస్, పాపకి సైకిల్ హెల్మెట్. బాల్కనీలో వీడియోలు తీశావో తంతా.

కొత్తగా_ఫ్రిస్కో: కింద గుజరాతీ ఆంటీని అడిగాం, ఎప్పుడైనా వచ్చేయండి అంది. క్లోజెట్ నిండా బియ్యం బస్తాలే, ఎలాగోలా సర్దుకుంటాం