ఉడకబెట్టిన ప్లైవుడ్ ముక్క విడిపోలేదంటే షీట్ గట్టిదేనా?

సింక్_కింద_షెల్ఫు అడిగింది:

విశాఖలో, సముద్రానికి కిలోమీటరు లోపున్న ఇంటికి వంటగది కప్‌బోర్డుల పని. 18 మి.మీ. అని చెప్పిన 8×4 ప్లైవుడ్ షీట్లు 14 దిగాయి. అన్నింటి మీదా ఐ.ఎస్. 710 ముద్ర (మెరైన్ ప్లైవుడ్‌కు ఇచ్చే భారత ప్రమాణం) ఉంది. పని మొదలుపెట్టేలోపు చూసుకుందామని చేసినవి ఇవి.

వెర్నియర్‌తో ఆరు చోట్ల కొలిస్తే మందం 17.1 నుంచి 17.4 మధ్య వచ్చింది, సగటు 17.2. షీట్ తూకం 31 కిలోలు. రెండు షీట్ల మూలల్లోంచి నాలుగంగుళాల ముక్కలు కోసి 8 గంటలు ఉడకబెట్టాను. ఒకటి చెక్కుచెదరలేదు. రెండోదానికి ఒక పక్క మూడో పొర దగ్గర అంగుళం మేర సందు కనిపిస్తోంది, చాకు మొన దూరుతోంది. నీళ్లు మాత్రం ఎర్రగా, టీ డికాక్షన్‌లా తయారయ్యాయి. "ఆ రంగే ఫినాల్ గమ్‌కు రుజువు, సందంటారా, అది కోర్ గ్యాప్ (లోపలి పొరల ముక్కల మధ్య ఖాళీ), జిగురు లోపం కాదు" అంటున్నారు దుకాణం వాళ్లు.

ఇందులో నిజమెంత? బరువు మోసే బలాన్ని ఇంటి దగ్గరే చూసే వీలుందా? పుచ్చు పట్టకుండా మందు పెట్టారో లేదో తెలుస్తుందా? ఇంకో సంగతి, ఇదే ఇంటికి తెచ్చిన టేకు ద్వారబంధాల మీద తేమ మీటర్ 19 శాతం చూపిస్తోంది. బిగించేయవచ్చా?

గమ్‌లైన్ జవాబు:

ముందు రంగు సంగతి తేల్చేద్దాం. ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు గీత ముదురు ఎరుపు-గోధుమ రంగులో ఉంటుంది, నిజమే. యూరియా జిగురు గీత తెల్లగా ఉంటుంది. కానీ యూరియా జిగురులో రంగుపొడి కలిపితే అదీ ఎర్రగానే కనిపిస్తుంది. పైగా ఫ్యాక్టరీలో పొరలను వేడితో నొక్కే ప్రెస్‌లో సరిగ్గా ఉడికి గట్టిపడిన ఫినాల్ జిగురు నీళ్లలోకి పెద్దగా దిగదు. డికాక్షన్ రంగు కర్రలోని వగరు పదార్థాల వల్ల రావచ్చు, కలిపిన రంగు వల్లా రావచ్చు. దాన్ని రుజువుగా తీసుకోకండి.

ఇక 8 గంటలు. ఐ.ఎస్. 710 అడిగేది 72 గంటల ఉడకు. మామూలు వాడకపు ప్లైవుడ్ ప్రమాణం ఐ.ఎస్. 303లోని బి.డబ్ల్యు.ఆర్. (మరిగే నీళ్లకు తట్టుకునే) రకానికైతే 8 గంటలు ఉడకబెట్టి, 65 డిగ్రీల దగ్గర 16 గంటలు ఆరబెట్టి, ఇలా మూడు విడతలు చేస్తారు. ఒక్క 8 గంటలకు నిలబడిందంటే అది మామూలు ఎం.ఆర్. (తేమకు మాత్రమే తట్టుకునే) యూరియా సరుకు కాకపోవచ్చు, అంతవరకే. 710 అవునో కాదో దాంతో తేలదు.

మీ రెండో ముక్కను పారేయలేదుగా? తడిగా ఉండగానే ఆ సందులో ఉలి పెట్టి పొరను పూర్తిగా ఎత్తండి. విడిపోయిన రెండు ముఖాలనూ ఏటవాలు వెలుతురులో చూడండి. జిగురు గీత మీద కర్ర పీచు చింపుకుని అంటుకుని ఉంటే జిగురు కర్ర కంటే గట్టిగా పట్టిందన్నమాట, అది మంచి గుర్తు. రెండు ముఖాలూ నున్నగా, ఒకవైపు జిగురు మెరుస్తూ ఉంటే అంటుకోనేలేదు. ప్రెస్‌లోకి వెళ్లేలోపే జిగురు ఆరిపోయినా, వేడి లోపలి పొరలదాకా చేరకపోయినా ఇలా అవుతుంది. జిగురు గీతే సరిగా కనబడకుండా పొడిగా, పాలిపోయి ఉంటే జిగురు చాలలేదు, లేదా మైదా ఎక్కువ కలిపి పలచన చేశారు. సందు నిలువు గోడలతో గాడిలా ఉండి, దాని పైనా కిందా పొరలు గట్టిగానే అతుక్కుని ఉంటే మాత్రం దుకాణం వాళ్ల మాట నిజం, అది కోర్ ముక్కల మధ్య ఖాళీ.

అలాగని ఖాళీ అయితే ఫర్వాలేదనుకోకండి. సరిగ్గా అక్కడే హింజ్ స్క్రూ పడితే పట్టు ఉండదు. సింక్ కింద కోసిన అంచులో అది తేలితే నీళ్లు దాని వెంట లోపలికి పాకుతాయి.

మళ్లీ ఉడకబెట్టేటప్పుడు ముక్కలు మూలల నుంచి కాదు, షీట్ నడిమి నుంచి తీయండి. తడి పొరలు వాడితే ప్రెస్‌లో ఆవిరి చిక్కుకుని బుడగలు వచ్చేది ఎక్కువగా నడిమిలోనే. ముక్క తేలకుండా పైన బరువు పెట్టండి. నీళ్లు తగ్గితే మరిగే నీళ్లే పోయండి, చన్నీళ్లు పోస్తే ఉడకు ఆగిపోతుంది. కుక్కర్‌లో పెట్టి గంటలో తేల్చేద్దామనుకుంటారు కొందరు. దానికీ 72 గంటల పరీక్షకూ పొంతన లేదు.

ల్యాబ్‌లో ఇంకో మెట్టు ఉంది. 25 మి.మీ. వెడల్పు పట్టీకి రెండు వైపుల నుంచీ గాడి పెట్టి, మధ్యలో 25×25 మి.మీ. జిగురు మాత్రమే బరువు మోసేలా చేసి, యంత్రంలో లాగుతారు. 710కి పొడిగా సగటున 1350 న్యూటన్లు, 72 గంటలు ఉడికాక 1000 రావాలి. చాకుతో ఈ అంకె రాదు.

దూలం_లెక్క జవాబు:

ఉడకబెట్టడం జిగురును పరీక్షించడమే, కర్ర బలం సంగతి అందులో ఉండదు. మెత్తటి కోర్‌ను మంచి ఫినాల్ జిగురుతో అతికిస్తే 72 గంటలూ నిలుస్తుంది, షెల్ఫు మాత్రం వంగుతుంది.

తూకంతో మొదలెడదాం. 2.44 × 1.22 × 0.0172 అంటే 0.0512 ఘనపు మీటరు. 31 కిలోలను దాంతో భాగిస్తే ఘనపు మీటరుకు సుమారు 605 కిలోలు. తేలికే అనాలి. గర్జన్ లాంటి గట్టి కర్ర కోర్ ఉంటే ఇంతకంటే బరువు తూగుతుంది. అయినా తూకం ఒక్కటే చూసి తిరగ్గొట్టలేం.

వంపు పరీక్ష ఇలా చేయండి. సరిగ్గా 100 మి.మీ. వెడల్పు, మీటరు పొడవు ఉన్న పట్టీలు రెండు కోయండి. ఒకటి పై పొర నార వెంబడి, రెండోది నారకు అడ్డంగా. కదలని రెండు బల్లల మీద అర అంగుళం ఇనుప కడ్డీలు పెట్టి, వాటి మధ్య దూరం 900 మి.మీ. ఉండేలా సరిచూసి, పట్టీని పడుకోబెట్టండి. ముందు నడిమిలో కిలో బరువు వేలాడదీసి పట్టీ కుదురుకోనివ్వండి. పట్టీకి పైన, అంచుల దగ్గర గట్టిగా కట్టిన దారం నుంచి నడిమిలో కొలత తీసుకోండి. ఆపైన ఇంకో 20 కిలోలు వేయండి. 20 లీటర్ల వాటర్ క్యాన్ సరిపోతుంది, కానీ డబ్బాతో సహా తూచి 20కి సరిచేయాలి. నిమిషం ఆగి మళ్లీ కొలవండి. రెండు కొలతల తేడా కావాలి.

సూత్రం: గట్టిదనం = బలం × దూరం ఘనం ÷ (4 × వెడల్పు × మందం ఘనం × వంపు). బలం న్యూటన్లలో (20 కిలోలంటే 196), మిగతావి మి.మీ.లో వేయండి. పూర్తి 18 మి.మీ. మందానికి లెక్క కడితే, 710 కోరే 7500 న్యూటన్లు/చ.మి.మీ. గట్టిదనం ఉన్న పట్టీ నార వెంబడి 8 మి.మీ. పైచిలుకు వంగుతుంది. 5000 ఉన్నది, అంటే 303 బి.డబ్ల్యు.ఆర్. స్థాయిది, 12 దాకా. అడ్డంగా 710కి 4000 కావాలి, అది 15 మి.మీ. వంపు. 303కి 2500, దాదాపు 24.

ఒక్క జాగ్రత్త. మందం ఘనంలో ఉంది కాబట్టి వెర్నియర్ కొలతే వేయాలి, ముద్ర మీది 18 కాదు. 18కి బదులు 17 ఉంటే ఒక మి.మీ.యే కదా అనిపిస్తుంది, వంపు మాత్రం 19 శాతం పెరుగుతుంది. ఈ బరువుకు పట్టీ విరగదు, దాన్ని మళ్లీ వాడుకోవచ్చు.

సింక్_కింద_షెల్ఫు:

ధన్యవాదాలండీ. ఉలితో ఎత్తి చూశాను. సందు ఉన్న చోట గాడిలాగే ఉంది, 4 మి.మీ. వెడల్పు. చుట్టూ పొర లేవడానికి మొరాయించింది, లేచినచోట పీచు అంటుకుని ఉంది. వంపు పరీక్షలో నార వెంబడి 10 మి.మీ., అడ్డంగా 26 మి.మీ. వచ్చింది.

దూలం_లెక్క:

మీ 17.2 మందంతో కడితే నార వెంబడి 7000, అడ్డంగా 2700. మొదటిది 7500 సగటుకు దగ్గర్లోనే ఉంది, ఇంటి కొలతలో ఆ మాత్రం తేడా ఉంటుంది. రెండోది అలా కాదు, 4000కు చాలా దూరం. అడ్డంగా వంగినప్పుడు భారం మోసేవి లోపలి అడ్డ పొరలు. 4 మి.మీ. ఖాళీ 100 మి.మీ. పట్టీలో నాలుగు శాతమే, ఇంత తేడా దాని వల్ల రాదు. అడ్డ పొరలు పలచగా అయినా ఉండాలి, మెత్తటి కర్రవి అయినా కావాలి.

ఒక్క షీట్‌తో తీర్పు చెప్పలేం. ఇంకో రెండు షీట్ల అడ్డ పట్టీలు చూడండి. అవీ ఇలాగే వస్తే సరుకు వెనక్కిచ్చే మాట ఎత్తవచ్చు. పని ఆగకూడదనుకుంటే, షెల్ఫులన్నీ నార పొడవు వెంబడి వచ్చేలా కోయించండి. వేస్టేజీ తగ్గుతుందని కటింగ్‌లో షెల్ఫులను అడ్డం తిప్పేస్తుంటారు, ఈ షీట్లతో అది కుదరదు. గిన్నెలు పెట్టే అరల్లో 600 మి.మీ.కు ఒక నిలువు ఆధారం ఇవ్వండి. నిమిషంలో కొలిచిన వంపు ఏళ్ల తరబడి బరువు కింద ఇంకా పెరుగుతుంది. ఎం.డి.ఎఫ్., పార్టికల్ బోర్డుల్లో మరీ ఎక్కువ.

చేవకర్ర జవాబు:

పుచ్చు గురించి ఎవరూ ఎత్తలేదు, నేను చెబుతాను. పుచ్చు పురుగు తినేది ముఖ్యంగా తెల్లచెక్కలోని (మానులో బెరడు వైపు ఉండే చెక్క) పిండి పదార్థాన్ని. జిగురు ఎంత గొప్పదైనా దానికి లెక్కలేదు. చాలాచోట్ల బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం పట్టిస్తారు. అది ఉందో లేదో పసుపుతో తెలుస్తుంది.

10 గ్రాముల పసుపు 90 గ్రాముల ఇథైల్ ఆల్కహాల్‌లో కలిపి వడకట్టండి. రెండో సీసాలో, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 20 మి.లీ.ని ఆల్కహాల్‌లో పోసి 100 మి.లీ. చేసి, సాలిసిలిక్ ఆమ్లం ఇక కరగనంత వరకు కలపండి. ఇది ల్యాబ్ తెలిసినవారితో, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని చేయించాలి. అప్పుడే కోసిన, పొడిగా ఉన్న అంచు మీద మొదటిది పూసి, ఆరాక రెండోది పూయండి. బోరాన్ ఉన్నచోట పసుపు ఎర్రగా తిరుగుతుంది, లేనిచోట పసుపుగానే ఉంటుంది. ఆమ్లం మెట్టు వదిలేయకండి. పసుపులో సున్నం కలిస్తే పారాణి అయినట్టే, ఫినాల్ జిగురులోని కాస్టిక్ సోడాకూ పసుపు ఎర్రబడుతుంది, మీరు మందు అనుకుంటారు. ఎరుపు పై పొరల్లోనే ఉండి నడిమి పొరలు పసుపుగా మిగిలితే షీట్‌ను పైపైన ముంచి తీశారన్నమాట. ఇంకోటి, బోరాన్ నీళ్లకు కరిగిపోతుంది. ఉడకబెట్టిన ముక్క మీద ఈ పరీక్ష చేసి లాభం లేదు.

టేకుకు 19 ఎక్కువే. గాలిలో తేమ 75 శాతం దగ్గరున్న ఊళ్లో కర్ర 14 దగ్గర కుదురుకుంటుంది. ఇప్పుడు బిగిస్తే ఆ మిగతా తేమ పోయేటప్పుడు కీళ్లు తెరుచుకుంటాయి. అయితే పిన్ మీటర్‌ను పూర్తిగా నమ్మకండి. కర్ర రకానికి సరిచేసి ఉండకపోయినా, కర్రకు ఉప్పు గాలి పట్టినా ఎక్కువ చూపిస్తుంది. చివర నుంచి అడుగు వదిలి అంగుళం ముక్క కోసి వెంటనే తూచండి. ఓవెన్‌లో 103 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి మళ్లీ తూచండి. తగ్గిన బరువును ఆరిన బరువుతో భాగించాలి, తడి బరువుతో కాదు. 86.4 గ్రాములది 74కి వస్తే 16.8 శాతం.

బంధాల అంచుల్లో తెల్లచెక్క ఎంతుందో కూడా చూడండి. కర్ర ముక్కలను నేలలో సగం పాతి మన్నిక తేల్చే పరీక్షలో 120 నెలలు దాటినవే మన దేశంలో మొదటి తరగతి. టేకుకు ఆ తరగతి వచ్చింది చేవ (మాను నడిమిలోని ముదురు చెక్క) వల్లే, దాని తెల్లచెక్క మామిడి కర్ర కంటే మెరుగేం కాదు.

గమ్‌లైన్:

వెనక్కిచ్చే ఆలోచన ఉంటే ముద్ర కింద ఉన్న సి.ఎం./ఎల్. నంబరును (తయారీదారు లైసెన్సు నంబరు) భారత ప్రమాణాల సంస్థ వారి బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొట్టి చూడండి. ఆ లైసెన్సు 710కే ఇచ్చారా, 303కా అన్నది అందులోనే కనిపిస్తుంది. ల్యాబ్‌కు పంపేటట్లయితే ముద్ర ఉన్న భాగం కోయకుండా ఆ షీట్‌ను అలాగే పక్కన పెట్టండి. ముద్రలేని ముక్క రిపోర్టును దుకాణం వాళ్లు తమ సరుకుది కాదని ఒక్క మాటలో తోసేస్తారు.