కల్లు దుకాణాల లైసెన్స్ సొమ్ము మింగింది గుమాస్తా ఒక్కడేనా?

మునగాల మనవడు:
మా ముత్తాత తెల్లదొరల కచేరీలో గుమాస్తా. కల్లు దుకాణాల లైసెన్స్ ఫీజులో సొమ్ము తగ్గిందని ఆయన్ని జైలుకు పంపారు. నల్లగొండలో తెల్లదొరల కచేరీ ఏందని అడగకండి. చుట్టూ నిజాం ఇలాకా ఉన్నా మునగాల పరగణా 1959 దాకా కృష్ణా జిల్లాలోనే ఉండేది. ఆ కాలపు ఖజానా పెట్టెకు రెండు తాళాలు. ఒక తాళంచెవి ఖజాంచీది, ఇంకొకటి అధికారిది. మరి అధికారికి తెలియకుండా సొమ్మెట్లా పోతుంది? శిక్ష మాత్రం గుమాస్తాకేనా?

మిర్యాలగూడ ఆడిటర్ (రిటైర్డ్):
తమ్ముడూ, పెట్టెలో పడకముందే పోయిన సొమ్ముకు తాళాలేం చేస్తాయి? లైసెన్స్ ఫీజు దొంగతనం రసీదు పుస్తకంలోనే జరుగుతుంది. కార్బన్ లేని పుస్తకంలో రెండు ముక్కలూ చేత్తో విడివిడిగా రాయాలి. దుకాణదారుకు ఇచ్చే ముక్కమీద 12 రూపాయలు, కచేరీలో మిగిలే ముక్కమీద 2. ఆ 2 చిట్టాకెక్కుతుంది, పెట్టెలో పడుతుంది, లెక్క అణా పైసలతో సరిపోతుంది. అందుకే దర్యాప్తు చేసేవాడు ముందు చిట్టా తెరిచాడంటే నాకు నవ్వొస్తుంది. ముందు దుకాణదారుల ఇళ్లకు పోవాలి, దూలానికి గుచ్చిన రసీదులు అడగాలి. లెక్కల పుస్తకంలో రాత ఒక్కటే చూపి ఎవరినీ బాధ్యుణ్ని చేయలేమని 1872 సాక్ష్యాల చట్టం 34వ సెక్షనే చెప్పింది.
అయినా మీ ముత్తాత తప్పు చేయలేదని నేననడం లేదు.

పాలమూరు పిల్ల:
సార్, అధికారిని సులువుగా వదిలేశారు. రోజూ కూడిక కింద సంతకం ఎవరిది? నెలకోసారి నాలుగు రసీదులు తెప్పించి పక్కన పెట్టి చూస్తే బయటపడేది కదా! చూడకుండా సంతకం పెట్టడం కూడా తినడంతో సమానమే.

ఆడిటర్:
సమానం కాదమ్మా. నిర్లక్ష్యం వేరు, దొంగతనం వేరు. నమ్మి అప్పగించిన సొమ్ము కాజేస్తే అప్పటి పీనల్ కోడ్ 409 కింద సర్కారు ఉద్యోగికి యావజ్జీవం దాకా శిక్ష పడే వీలుండేది. చూడకపోయినందుకే అంత శిక్ష వేస్తామా?

తాటివనం:
మీరిద్దరూ సర్కారు సొమ్ము గురించే కొట్టుకుంటున్నరు. సరిహద్దు ఊళ్లల్ల చేతిలో నిజాం రూపాయి హాలీ సిక్కా, కచేరీకి కావాల్సింది తెల్లదొరల రూపాయి కల్దార్. ఏడు హాలీ రూపాయలు దాదాపు ఆరు కల్దార్లకు సమానం. వట్టం, అంటే మారకపు కోత, పేరుతో మధ్యల ఇంకో అర్ధరూపాయి గుంజితే ఏ రసీదుల రాస్తరు? ఇక మా నిజాం దిక్కు గొప్పగా ఉందనుకోకుండ్రి. అక్కడ హర్రాజు పాడిన గుత్తేదారు పెట్టిన సొమ్మంతా చెట్టెక్కేటోడి దగ్గరే రాబట్టుకునేటోడు.

పాలమూరు పిల్ల:
అన్నా, అది వేరే చర్చ, కానీ మాట నిజం. ఇంకో సంగతి. డబ్బు పట్టే ఉద్యోగి ముందే జామీను ఇవ్వాలని 1850లోనే చట్టం చేశారు. సొమ్ము తగ్గితే శిస్తు బకాయిలాగే అతని మీదా జామీనుదారు మీదా వసూలు చేసేవాళ్లు. అంటే తిన్నవాడితోపాటు నమ్మినవాడూ మునిగేవాడు.

మునగాల మనవడు:
అక్కా, ఇప్పుడర్థమైంది. ముత్తాతకు ఆయన బావమరిది జామీను ఉన్నాడట. రెండెకరాల తరి (మాగాణి) పోయింది వాళ్లదే. ఆ ఇంటివాళ్లు మా పెళ్లిళ్లకు ఎందుకు రారో నానమ్మ ఎన్నడూ చెప్పలేదు.