బీమా, పొదుపు, దశమభాగం: విశ్వాసి ఇంట్లో ఏది ముందు?

తెనాలి గృహిణి:
ప్రభువు నామమున అందరికీ వందనములు. నా భర్త ప్రైవేటు కంపెనీ ఉద్యోగి. పింఛను లేదు, పిల్లలిద్దరూ చిన్నవారు. జీతం వచ్చిన రోజే దశమభాగం, అంటే దేవునికిచ్చే పదవ వంతు, తీసిపెడతాము, అందులో మాకు సందేహం లేదు. ఇప్పుడు ఆయన పేరున టర్మ్ బీమా (గడువులోగా మరణిస్తే కుటుంబానికి సొమ్ము ఇచ్చేది) తీసుకొని, పాప పేరున సుకన్య సమృద్ధి ఖాతా తెరవాలనుకుంటుండగా, మా సంఘంలోని ఒక పెద్దాయన "రేపటిని గురించి చింతించవద్దని ప్రభువే చెప్పాడు కదా, బీమా తీసుకోవడం అవిశ్వాసం కాదా?" అని అడిగారు. ఆ మాట నన్ను కలవరపెట్టింది. మీ కుటుంబాలలో దీనిని ఎలా నిర్ణయించుకున్నారో తెలియజేయగలరు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం:
అమ్మా, మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో ప్రభువు వద్దన్నది ఏమి తినాలో, ఏమి కట్టుకోవాలో అని మనసును తినివేసే ఆందోళనను. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి తగులుబడి లెక్క చూసుకోడా అని లూకా 14వ అధ్యాయంలో అడిగినది కూడా ఆ ప్రభువే. ఐగుప్తులో కరవు రానున్నదని దేవుడు ముందే తెలియజేసినప్పుడు, యోసేపు ఇక అంతా దేవుడే చూసుకుంటాడని ఊరుకోక, సమృద్ధిగా పండిన ఏడు సంవత్సరాలూ పంటలో ఐదవ వంతును ప్రభుత్వ కొట్లలో నిలవచేయించాడు. ఆ ధాన్యమే తరువాత అతని సొంత అన్నదమ్ములను కూడా బ్రతికించింది.

క్రమం ఎలా ఉండాలన్నదానికి మన ప్రాంతంలోనే మంచి ఆధారం ఉంది. 1912లో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య గారి కాలంలో ఆ బిషప్ అధ్యక్ష మండలపు పల్లెల్లోని క్రైస్తవులు చాలామంది కూలి చేసుకొని బ్రతికేవారు. ఆ ఇళ్లలోని స్త్రీలు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తెచ్చేవారు. మిగిలితే ఇద్దామని వారు అనుకుని ఉంటే ఏనాడూ ఇవ్వగలిగేవారు కారు. మీరు దశమభాగాన్ని ముందే తీసిపెడుతున్నారు కనుక, ఆ తరువాతి పొదుపు గురించి మనస్సాక్షిని బాధపెట్టుకోనక్కరలేదని నా అభిప్రాయం.

కువైట్ ఎలక్ట్రీషియన్, స్వస్థలం రాజమహేంద్రవరం:
మాస్టారికి వందనములు. మీతో ఏకీభవిస్తూనే, ఆ పెద్దాయన భయంలోనూ కొంత నిజం ఉందని చెప్పాలనిపిస్తున్నది. ఇక్కడ మాకు పింఛను లేదు, ఉద్యోగం ముగిసినప్పుడు వచ్చే గ్రాట్యుటీ ఒక్కటే; కాబట్టి పొదుపు చేయక తప్పదు. అయితే ఇల్లు పూర్తయ్యాక ఇస్తాము, ఆ తరువాత స్థలం కొన్నాక ఇస్తాము, అమ్మాయి పెళ్లి అయ్యాక ఇస్తాము అంటూ కానుకను ఏళ్ల తరబడి వాయిదా వేసే విశ్వాసులను ఎందరినో చూస్తున్నాను. లూకా 12వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానంలో, పంట విస్తారంగా పండితే పెద్ద కొట్లు కట్టుకోవాలనుకున్న ధనవంతుడి మాటలన్నీ నా పంట, నా కొట్లు, నా ఆస్తి అనే సాగుతాయి; అందులో దేవుడూ కనబడడు, పొరుగువాడూ కనబడడు. అందుకే నేనూ నా భార్యా ఎంత కూడబెడితే చాలో ముందే ఒక హద్దు వ్రాసుకొని, అది దాటినదానిని మా ఊరి సంఘంలోని విధవరాండ్ర సహాయానికి పంపుతున్నాము. హద్దు లేని పొదుపు నాకు అప్పు కన్నా ప్రమాదకరంగా కనబడుతున్నది.

నర్సు, హైదరాబాదు:
అక్కా, స్వకీయులను సంరక్షించనివాడు అవిశ్వాసి కన్న చెడ్డవాడని 1 తిమోతి 5:8లో ఉంది. భర్త హఠాత్తుగా మరణించిన ఇళ్లలో సంఘపు కానుకలు కొద్ది నెలలే ఆదుకుంటాయి, తరువాత బంగారం తాకట్టు మొదలవుతుంది. చాలామంది కొద్దికొద్దిగా చెల్లించి, ఎవరి ఇంట కష్టం వస్తే వారిని నిలబెట్టే ఏర్పాటే కదా బీమా. అందులో అవిశ్వాసం ఎక్కడ ఉన్నదో నాకు తెలియడం లేదు. టర్మ్ బీమాలో గడువు వరకు బ్రతికి ఉంటే సాధారణంగా సొమ్ము తిరిగి రాదు, ప్రీమియం తక్కువగా ఉండేది అందుకే. దానిని పొదుపుగా చూడవద్దు.

న్యాయవాది గుమాస్తా, గుంటూరు:
ఎవరూ ప్రస్తావించని సంగతి వీలునామా. వీలునామా లేకుండా మరణించిన క్రైస్తవుడి ఆస్తికి 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం భార్యకు మూడవ వంతు, మిగిలిన రెండు వంతులు కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా చెందుతాయి. వీలునామాపై కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. వివాహానికి ముందు వ్రాసినది వివాహంతో రద్దవుతుంది. దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు మతపరమైన, ధార్మిక కార్యాలకు ఆస్తి వ్రాసి ఇవ్వడంపై ఆ చట్టంలోని 118వ సెక్షను పెట్టిన ఆంక్షలను సుప్రీంకోర్టు 2003లో కొట్టివేసింది. సంఘానికి కొంత వ్రాయదలచినవారు భార్యాపిల్లలతో ముందుగా మాట్లాడి వ్రాయడం మంచిది. ఆ తరువాత తగవులు వస్తే సంఘానికే అపకీర్తి.

తెనాలి గృహిణి:
అందరికీ కృతజ్ఞతలు. మరొక ప్రశ్న: మా సంఘంలో మందిర నిర్మాణానికి అప్పు తెచ్చయినా మొక్కుబడి చెల్లించమంటున్నారు.

విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం:
అప్పు తేవద్దమ్మా. మనకు కలిగినదానిని బట్టే దేవుడు కానుకను అంగీకరిస్తాడని 2 కొరింథీయులకు 8:12లో పౌలు స్పష్టంగా వ్రాశాడు. ఇవ్వగలిగినంత నెలనెలా ఇస్తామని పాస్టరు గారికి నేరుగా చెప్పండి. పాపకు పదేళ్లు నిండక ముందే సుకన్య ఖాతా తెరవాలి కనుక, జనన ధ్రువీకరణ పత్రం తీసుకొని త్వరగా పోస్టాఫీసుకు వెళ్లండి.