బయోగ్యాస్ తొట్టి పులిసిపోయింది, గ్యాసు వస్తున్నా పొయ్యి అంటుకోవడం లేదు

ప్రశ్న (వైట్‌ఫీల్డ్, బెంగళూరు):
మా అపార్ట్‌మెంట్‌లో తడి చెత్తను ఆవరణలోనే వినియోగించుకోవాలని బయోగ్యాస్ ప్లాంటు పెట్టుకున్నాము. రోజుకు సుమారు 80 కిలోల వంటింటి వ్యర్థాన్ని రుబ్బి వేస్తుంటే, సెక్యూరిటీ సిబ్బంది వంటకు గ్యాసు చక్కగా సరిపోయేది. అయితే గత నెలలో ఒక పెళ్లి విందులో మిగిలిన అన్నం, మిఠాయిలు దాదాపు 200 కిలోలు ఒకే రోజు వేసినప్పటి నుంచి తొట్టి పుల్లని వాసన కొడుతోంది. గ్యాసు నిండే డోము పైకి లేస్తున్నా, వచ్చే గ్యాసు మండడం లేదు. దీన్ని మూసివేసి కంపోస్టుకు మారదామని సంఘంలో కొందరు అంటున్నారు. నిలబెట్టుకునే మార్గం ఉందా?

సమాధానం 1:
దయచేసి మూసివేయకండి, ఇది కుదుటపడే సమస్యే. తొట్టిలో కొన్ని సూక్ష్మజీవులు పిండిపదార్థాన్ని చకచకా ఆమ్లాలుగా మారుస్తాయి, మరికొన్ని చాలా నిదానంగా పెరుగుతూ ఆ ఆమ్లాల నుంచి మండే వాయువైన మీథేన్‌ను తయారుచేస్తాయి. ఒకేసారి అన్నం, చక్కెర పడేసరికి మొదటివాటి వేగాన్ని రెండోవి అందుకోలేక, ఆమ్లం పేరుకుపోయి, పీహెచ్ (పులుపును చూపే కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.5 కన్నా దిగిపోయి ఉంటుంది. అప్పుడు పుట్టేదాంట్లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడే కనుక పొయ్యి వెలగదు.

వెంటనే మేత, అంటే తొట్టిలో వ్యర్థం వేయడం, పూర్తిగా ఆపండి. పీహెచ్ కాగితంతో రోజూ చూస్తూ, వంటసోడాను నీళ్లలో కరిగించి కొద్దికొద్దిగా కలపండి. సున్నం చవకే కానీ, ఒక్కసారిగా ఎక్కువ పోస్తే అది కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకొని తొట్టిలో పీడనం పడిపోతుంది. దగ్గరి పాడివారి నుంచి తాజా ఆవుపేడ తెచ్చి, నీళ్లతో కలిపి పోస్తే కొత్త సూక్ష్మజీవులు చేరతాయి. పీహెచ్ 7 దగ్గర నిలిచి, మంట నీలంగా వచ్చాక, రోజుకు పది కిలోలతో మొదలుపెట్టి వారం వారం పెంచండి.

సమాధానం 2 (చెన్నై):
పైవారు చెప్పినదానికి రెండు మాటలు చేరుస్తాను. నిమ్మ, బత్తాయి తొక్కలు, ఎముకలు, కోడిగుడ్డు పెంకులు ముందే వేరుచేయించండి. అంతకన్నా ముఖ్యంగా, తొట్టి శుభ్రం చేయడానికి ఎవరినీ లోపలికి దించవద్దు. అందులోని హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు మనిషిని క్షణాల్లో పడగొడుతుంది, గాఢత పెరిగితే దాని వాసన కూడా తెలియదు.

సంఘం వారికి ఈ లెక్క చూపండి: 80 కిలోల వ్యర్థం నుంచి సుమారు 7 ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది, అది దాదాపు 3 కిలోల ఎల్‌పీజీకి సమానం. అంటే అయిదు రోజులకొక 14.2 కిలోల సిలిండరు మిగులుతుంది, పైగా బయటికొచ్చే ద్రవం మీ తోటకు ఎరువవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఇవాళ కొలిస్తే పీహెచ్ 5.8 ఉంది. మేత ఆపించాము, రేపు పేడ వస్తుంది.