సమస్య: ‘సొమ్ము పోయినతడె చోరుడయ్యె’

నిర్వాహకుడు: నిన్న రాత్రి ‘బైసికిల్ థీవ్స్’ (1948) మళ్ళీ చూశాను. సినిమా ముగిసేసరికి ఈ పాదం నోట్లో ఆడుతోంది. పూరణం ఆ ఇటలీ వాళ్ళ మీదే ఉండాలి. రామాయణ భారతాలకు ఈసారి సెలవు.

ఛందోమిత్ర:
కొంప దుప్పటులను కుదువబెట్టి కొనియె
బ్రతుకు బండి; యొకడు పట్టుకేగె;
ఊరు వెదకి విసిగి యొకని సైకిలు ముట్టె;
సొమ్ము పోయినతడె చోరుడయ్యె.

గణపాఠి: ‘బ్రతుకు బండి’ అమోఘం. కానీ ‘కొనియె’ ఏమిటండీ? కథానాయకుడు ఆంటోనియో సైకిలు కొనలేదు. తాకట్టులో ఉన్న తన సైకిలునే, భార్య మరియా పక్క మీది దుప్పట్లు లాగి ఇస్తే వాటిని కుదువపెట్టి విడిపించుకున్నాడు. కొట్టు మనిషి ఆ మూటను దాచడానికి అర ఎక్కుతుంటే, పైదాకా అలాంటి మూటలే. ఆ దృశ్యం గుర్తున్నవారు ‘కొనియె’ అనరు.

ఛందోమిత్ర: కొనడమంటే గ్రహించడం కూడానండీ. సరే, మీది రానివ్వండి.

గణపాఠి: దర్శకుడి మీద.
జూదమాడి యోడి సొంతచిత్రములకు
నటన నమ్ముకొన్న నాయకుండు
చూచువారి మదికి సొగసుగా డీసికా
సొమ్ము పోయినతడె చోరుడయ్యె.

చాటుకవి: ‘నటన నమ్ముకొన్న’! నటనను నమ్ముకున్నాడు, నటనను అమ్ముకున్నాడు. పేకాటలో పోగొట్టి, ఊరి వాళ్ళ సినిమాల్లో వేషాలు కట్టి, ఆ డబ్బుతో తన సినిమాలు తీసిన మనిషికి రెండూ సరిపోయాయి.

ఛందోమిత్ర: శ్లేష బాగుంది, కాదనను. అయితే ‘మదికి’ మూడో పాదంలో, ‘చోరుడు’ నాలుగో పాదం చివర. ఇంత దూరాన్వయమా! ‘సొగసుగా’ యతి కోసం పిలిచిన చుట్టం. ఆయన పేరు డి సీకా. మీరు దీర్ఘాన్ని ముందుకు లాగి డీసికా చేశారు. కథ అల్లిన చేజారే జవత్తీని ఊసే లేదు. గణపాఠిగారికి ఇది మామూలే. ‘కుక్క వలన బ్రతికె గురువరుండు’ అన్న పాత సమస్యకు డి సీకాదే మరో సినిమా ‘ఉంబెర్తో డి’ని పట్టుకొచ్చి ఏం చేశారో ఎవరూ మరిచిపోలేదు.

గణపాఠి: ఉంబెర్తో వేషం వేసిన కార్లో బత్తిస్తి ఫ్లోరెన్సులో భాషాశాస్త్ర ఆచార్యుడు. గురువరుడు కాక మరెవరు?

ఛందోమిత్ర: కుక్క బ్రతికించింది పాత్రను. పింఛను చాలక అద్దె కట్టలేని ముసలి ఉద్యోగిని. మీ ఆచార్యుడు షూటింగు అయ్యాక ఇంటికి వెళ్ళి పాఠం చెప్పుకున్నాడు.

నిర్వాహకుడు: అది 1952 సినిమా, ఆ తగాదా అక్కడే ఉండనివ్వండి.

చాటుకవి:
తండ్రి చేతి నంటి తనయుండు నడువగా
దొరికి విడువబడిన దొర యొకండు
చెమ్మగిలిన కనుల చిన్నారి బ్రూనోకు
సొమ్ము పోయినతడె చోరుడయ్యె.

నిర్వాహకుడు: దొరికితే దొంగ, దొరకకపోతే దొర. ఆ సామెతను తిరగేసి ‘దొరికి విడువబడిన దొర’ అన్నారే! నలుగురూ పట్టుకుని కొట్టాక, ఏడుస్తున్న పిల్లవాణ్ణి చూసి సైకిలు యజమాని వదిలేస్తాడు. ఒక్క పాదంలో అంతా ఉంది. నా ఓటు దీనికే.

ఛందోమిత్ర: ఓటు సరే, గణం మాటేమిటి? ‘బ్రూ’ ముందున్న ‘రి’ గురువు కాలేదా?

చాటుకవి: సమాసం కాదు, వేరు వేరు పదాలు. ఊదితే తప్ప తేలదు. మీ ‘కొనియె’ తరువాత ‘బ్రతుకు’ రాలేదా?

ఛందోమిత్ర: అక్కడ పాదం విరిగింది. పైగా ‘బ్రతుకు’ మన మాట.

గణపాఠి: ‘చిన్నవాడికి నేడు’ అనండి, గొడవ వదిలిపోతుంది.

చాటుకవి: బ్రూనో పేరు తీయను. తీస్తే రోములో ఏ పిల్లవాడైనా ఒకటే అవుతాడు.

గణపాఠి: జవత్తీనికి కావలసినదీ అదే కదండీ! ఆంటోనియో వేషానికి ఫ్యాక్టరీ కార్మికుడు లాంబెర్తో మజ్జొరానిని తెచ్చుకున్నారు. కేరీ గ్రాంట్‌ను పెట్టుకుంటే పెట్టుబడి పెడతానన్న హాలీవుడ్ నిర్మాత సెల్జ్‌నిక్‌కు డి సీకా తలొగ్గలేదు.

ఛందోమిత్ర: ఈ మాట మీ పద్యంలో ఉండి ఉంటే ‘సొగసుగా’ను కూడా క్షమించేవాణ్ణి.